నాకా దగ్గర ఏడుపు

ఉప్పలమ్మ ముసలిదైపోయినా, ఆ సరిహద్దు కాపలా నాకా సంగతి ఎత్తితే చాలు, చేతిలో పని పక్కన పెట్టి చతికిలబడుతుంది. అప్పుడామెకు పదకొండేళ్లు. నలభై ఎనిమిది ఎండాకాలంలో రజాకార్లు మోతె దగ్గరి వాళ్ల పల్లెను తగలబెట్టారు. నాయన సంఘంలో చేరాడని ఇంటివాళ్ల కోసం వెతుకుతున్నారు. మంచం పట్టిన అత్తను వదల్లేక అమ్మ ఆగిపోయి, బిడ్డను పక్క లంబాడీ తండాలోని రంగి చేతిలో పెట్టింది.

"నాకా దాటిచ్చు రంగవ్వా, అంతే సాలు" అంది. మునగాల పరగణా అప్పట్లో నిజాంది కాదు మరి, అక్కడ కాలు పెడితే బతికినట్టే.

రంగి పిల్లకు తన మనవరాలి అద్దాల లంగా కట్టి, పెళ్లికి పోతున్న తండా ఆడవాళ్ల మధ్య నడిపించింది. "నోరు తెరిసినవో, ఇద్దరం ఖతం" అని ముందే చెప్పింది. ఉప్పలమ్మకు తండా మాట ఒక్క ముక్క రాదు! దారి పొడుగునా అమ్మ తన తల దువ్వే చేతులే గుర్తొచ్చాయి. అయినా ఏడవలేదు, మొండిఘటం.

నాకా దగ్గర తుపాకీవాడు ఆపాడు. "ఈ పోరి ఎవల్ది?"

"నా మనవరాలు" అంది రంగి.

"దాన్నే చెప్పనియ్యి."

సరిగ్గా అప్పుడే మునగాల వైపు తండా ఆడవాళ్లు పెళ్లికొచ్చేవాళ్లను తోడుకుపోవడానికి ఎదురొచ్చారు. వాళ్లలో శాంతాబాయి, రంగి కనుసైగ అందుకుని, పిల్లను కావలించుకుని గొల్లున రాగం తీసింది. మిగతావాళ్లూ అందుకున్నారు.

ఉప్పలమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. చావు కబురే, అమ్మే పోయింది అనుకుంది. "అమ్మా!" అని తెలుగులోనే గావుకేక పెట్టింది. అంతా అయిపోయిందనుకున్నారా? ఆ రాగాల హోరులో ఆ కేక ఎవరి చెవిన పడుతుంది!

"పోండ్రి, జల్ది పోండ్రి! దిమాక్ ఖరాబ్ చేస్తున్రు" అని వాడు చెవులు మూసుకున్నాడు.

మునగాల నేల మీదికి వచ్చాక కూడా పిల్ల వెక్కుతూనే ఉంది. "మా అమ్మ ఎట్ల సచ్చిపోయిందవ్వా?"

"అయ్యో బిడ్డా, ఎవ్వలు సావలే!" అంది శాంతాబాయి. "మా దిక్కు సుట్టాలు కలిస్తే గిట్లనే మెడ పట్టుకొని ఏడుస్తం."

"నేను నీకు సుట్టాన్ని గాను గదా?"

"ఇప్పుడైనవ్ తియ్."

ఉప్పలమ్మ ముక్కు తుడుచుకుంది. అమ్మ రావడానికి దసరా దాటుతుందని అప్పుడెవరికి తెలుసు?

"అయితే ఇంకోపారి పట్టుకో అవ్వా" అంది.

శాంతాబాయి నెత్తి మీది మూట దారిలోనే దించింది.