ముళ్ళవంగ విత్తనం

మా పొలం కాలువ చివర ఉండేది. సామర్లకోట దాటి మెట్ట వైపు వెళ్తుంటే వరిచేలు పలచబడతాయే, అక్కడ. ఎకరం లోపు నేల. అందులో కూరగాయలు వేసేవాళ్ళం నేను, మా ఆయన, ఆయన అక్క. వదినగారు చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేశారు. నేను కాపురానికి వచ్చేసరికే ఏ మడిలో ఏది వేయాలో చెప్పేది ఆవిడే.

ఆవిడకు ప్రాణం ముళ్ళవంగ. లేతాకుపచ్చ కాయ మీద తెల్లటి చారలు, తొడిమ నిండా ముళ్ళు. కోసేటప్పుడు వేళ్ళు గీరుకుపోయేవి. వాళ్ళమ్మ నుంచి వచ్చిన విత్తనం అది. ఏటా మంచి మొక్క చూసి ఒక కాయను కోయకుండా వదిలేసి, అది పసుపుపచ్చగా పండాక గింజ తీసి, కడిగి, బూడిదలో కలిపి ఆరబెట్టేవారు. ఎవరడిగినా నారు ఇచ్చేవారు గానీ గింజ ఇచ్చేవారు కాదు. గింజైతే ఎక్కడో పెట్టి మర్చిపోతారని ఆవిడ భయం. కొట్లో విత్తనాల పొట్లాలు దొరకడం మొదలయ్యాక ఆ అడిగేవాళ్ళు కూడా తగ్గిపోయారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. గోదావరిలోనే నీళ్ళు లేవని కాలువ ముందుగా కట్టేశారు. చివరన ఉన్న మాకు అంతకుముందే అందడం మానేసింది. ఇక బావే దిక్కు. పొద్దున్న తోడితే మళ్ళీ సాయంత్రానికి గానీ ఊట వచ్చేది కాదు.

వేసిన వంగనారు ఎండకు మాడిపోయింది. వదినగారు దాచిన గింజ మిగిలిందంతా తీసి మళ్ళీ పోశారు. కొంచెమైనా ఉంచమని మా ఆయన అన్నారు. "నేలలో పడితేనే కదరా అది గింజ, కుండలో ఉంటే ఏం లాభం" అన్నారావిడ.

మొలిచింది కొంచెమే. ఎండ ముదిరేకొద్దీ ఒక్కొక్క మడికీ నీళ్ళు ఆపేస్తూ వచ్చాం. ముందు ఆనపపాదు, తర్వాత బీర, ఆ పైన బెండ. నీళ్ళు ఆపిన మడి వైపు చూడకుండా నడిచేవారు వదినగారు. చివరికి వంగమొక్కలు నాలుగైదు మిగిలాయి. వాటికి తాటాకులు పాతి నీడ కట్టాం. బియ్యం కడిగిన నీళ్ళు కూడా వాటికే. ఒక మొక్కకు కాయ పట్టింది. దాన్ని విత్తనానికి వదిలేశాం.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఏడు ఎండ నిజంగా అలాగే కాసింది. ఒక మధ్యాహ్నం మొక్కలు తలలు వాల్చేశాయని వదినగారు బిందె ఎత్తుకున్నారు. ఎండ తగ్గాక నేను పోస్తానన్నాను. "ఇప్పుడే వచ్చేస్తానమ్మా" అని వెళ్ళారు. ఎంతకూ రాకపోతే వెళ్ళి చూశాను. గట్టు మీద పడి ఉన్నారు. ఒళ్ళు నిప్పులా కాలుతోంది, చెమటన్నదే లేదు. నన్ను చూసి వాళ్ళమ్మను పిలిచినట్టు పిలిచారు.

ఆటోలో కాకినాడ తీసుకెళ్ళాం. ఆసుపత్రి వరండా నిండా వడదెబ్బ తగిలినవాళ్ళే. ఆవిడ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ నేను, మందులకూ మంచుగడ్డలకూ తిరుగుతూ మా ఆయన. మొక్కలున్నాయన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

రెండు మూడు రోజులకు తెలివి వచ్చాక ఆవిడ మొదట అన్న మాట నీళ్ళు. దాహమనుకుని చెంచాతో నోట్లో పోశాను. తల అడ్డంగా ఊపారు. మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూశారు.

"ఇద్దరూ ఇక్కడే ఉన్నారేంట్రా?"

"నిన్నొదిలి ఎలా వెళ్తామక్కా" అన్నారు మా ఆయన.

"నాకు ఒకళ్ళు సరిపోరూ?" అన్నారు. అంతే. గోడ వైపు తిరిగి పడుకున్నారు.

ఆయన వెంటనే బస్సెక్కారు. వడగాలికి తాటాకులు ఎగిరిపోయి, మొక్కలు పుల్లలయ్యాయట. పండకుండానే వడిలిపోయిన ఆ కాయను జేబురుమాల్లో చుట్టి తెచ్చారు. ఇంటికి వచ్చాక వదినగారే దాన్ని కోశారు. లోపల తెల్లటి పాలగింజ. పనికిరాదని ఆవిడకు తెలుసు. అయినా తొలకరికి ఒక కుండలో వేసి దసరా దాకా తడిపారు. ఏమీ మొలవలేదు.

ఒకప్పుడు నారు తీసుకెళ్ళిన ఇళ్ళన్నీ తిరిగాం. అందరూ పొట్లాల విత్తనానికి మారిపోయారు. ఒక ఊళ్ళో ముళ్ళున్న వంగమొక్క కనిపిస్తే ఆశగా తెచ్చాను. వదినగారు ఆకు తిప్పి చూసి, "ఇది వేరమ్మా" అన్నారు. నొచ్చుకుంటానేమోనని దాన్నీ నాటారు.

మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. కొన్న విత్తనంతో తోట మళ్ళీ పచ్చబడింది. వదినగారు మాత్రం ఎండలోకి రాలేకపోయేవారు. పెరట్లో కూర్చుని నార్లు చూసుకుంటూ మరి కొన్నేళ్ళున్నారు. ఆ ఆసుపత్రి మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండుననిపించేది. మళ్ళీ ఆ రోజులే వస్తే నేను ఆవిడ పక్కనే ఉంటాను, మా ఆయనా ఉంటారు. అది తప్పని ఈనాటికీ అనుకోను. కానీ పక్కింటివాళ్ళతో ఒక్క మాట చెప్పి వెళ్ళినా, నాలుగు చెంబుల నీళ్ళు పోసేవారే కదా అని ఇప్పటికీ మనసు పీకుతుంది.

మేం విత్తనం కోసం తిరిగినప్పుడు ఒక ముసలావిడ, ఆ కూర రుచి గుర్తుందిగానీ గింజే లేదని చెప్పింది. నాకిప్పుడు ఆ రుచి కూడా సరిగ్గా గుర్తు రావడం లేదు.