శబ్దం తీసేసిన వీడియో

ఆ లిఫ్టు మెకానిక్‌ను కంపెనీలో అందరూ గొణుగుడు అంటారు. ఎదురుగా నిలబడి అతను ఎవరినీ ఏమీ అనడు. మేనేజరు కేకలేస్తే చేతులు కట్టుకుని వింటాడు. ఇంటి యజమాని కుళాయి బాగు చేయించనంటే తలూపి వచ్చేస్తాడు. అన్నీ కడుపులో పెట్టుకుని, ఏ భవనం పైనో మెషిన్ రూములో మోటారు ముందు కూర్చున్నాక ఒక్కొక్కటే బయటికి తీస్తాడు. స్పానరు తిరుగుతున్నంతసేపూ నోరూ తిరుగుతుంది. ఆ రొదలో పెదవులు కదలడమే తప్ప మాట ఎవరికీ వినపడదు కాబట్టి మొహమాటం ఉండదు.

ఆ తిట్లలో పెద్ద వాటా బావమరిదిది. భార్యకు సొంత తమ్ముడు. పనీపాటా లేక తిరుగుతున్న రోజుల్లో గొణుగుడే అతన్ని వెంటబెట్టుకుని లిఫ్టు పని నేర్పాడు. నేర్చుకున్నవాడు ఊరుకోలేదు. డిప్లొమా చదివాడు, సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చున్నాడు. ఇంటికొస్తే "బావా" అంటాడు. కంపెనీలో మాత్రం "ఏమయ్యా". గొణుగుడు అతన్ని "సార్" అనాలి. అలా అన్న ప్రతిసారీ గొణుగుడు ముఖం కాకరకాయ నమిలినట్టుంటుంది.

సూపర్‌వైజర్ అయ్యాక బావమరిది ఓ నియమం పెట్టాడు. సర్వీసుకు వెళ్లినవాళ్లు బ్రేకు పరీక్షను ఫోన్లో వీడియో తీసి కంపెనీ గ్రూపులో పెట్టాలి. లిఫ్టు జోరుగా నడుస్తున్నప్పుడు కరెంటు ఆపేస్తే, బ్రేకు మోటారుతో పాటు తిరిగే డ్రమ్మును కరిచి పట్టుకుని లిఫ్టును నిలబెట్టాలి. పరీక్ష అంతే. దానికి ఇంకో ముక్క తగిలించాడు: "కొండంత వీడియోలు పంపితే నేను తెరవను. చిన్నవి చేసి పంపండి."

చిన్నవి చేయడం గొణుగుడికి చేతకాదు. అతని పాత ఫోనుకు అంత ఓపికా లేదు. సాయంత్రం ఇంటికొచ్చి ఫోను భార్య ఒళ్లో పడేసేవాడు. ఆమె పెళ్లికి ముందు ఫొటో స్టూడియోలో పనిచేసింది. వీడియోను తన ఫోన్లోకి లాక్కుని, బొమ్మ నాణ్యత తగ్గించి, బరువు దించి, చిన్నదాన్ని తిరిగి పంపేది. అతను దాన్ని గ్రూపులో పెట్టి, తన ఫోన్లో ఉన్న పెద్దదాన్ని చెరిపేసేవాడు.

మొదటిసారి ఆ పని చేస్తున్నప్పుడే ఆమెకు మొగుడి గొంతు వినపడింది. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడని మనిషి వీడియోలో ధారాళంగా తిడుతున్నాడు. ముందు తమ్ముణ్ని, తర్వాత వాణ్ని కన్న అమ్మను, ఆ ఇంటి నుంచి పిల్లను తెచ్చుకున్న తన ఖర్మను. ఆమె "శబ్దం తీసేయి" అన్నచోట నొక్కి, మూగదాన్ని పంపింది. వీడియో చిన్నదైతే గొంతు దానంతటదే పోతుందని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె చెడగొట్టలేదు. తన ఫోన్లో ఉన్న అసలు వీడియోలను మాత్రం ఒక్కటీ చెరపలేదు.

ఇలా సాగుతుండగా ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు అంతస్తు దాటి జానెడు కిందికి జారి ఆగింది. తలుపు తెరుచుకోగానే అడుగుపెట్టిన పెద్దావిడ బోర్లా పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. వెళ్లి చూస్తే బ్రేకు డ్రమ్ము మీద నూనె. పక్కనున్న గేరు పెట్టె సీలు చినిగి కారుతోంది. వారం కిందట ఆ లిఫ్టుకు సర్వీసు చేసింది గొణుగుడే.

మేనేజరు గదిలో సూపర్‌వైజర్ వాదన సూటిగా ఉంది. "నూనె ఆ రోజే ఉండుంటుంది సార్. బ్రేకు పరీక్ష నిజంగా చేసుంటే అప్పుడే దొరికేది. చెయ్యలేదు."

"చేశాను," అన్నాడు గొణుగుడు. "వీడియో పెట్టాను కదా... సార్."

సూపర్‌వైజర్ ఆ వీడియోను కంప్యూటర్ మీద వేశాడు. చీకటి గది. అడ్డంగా ఒక వీపు. తక్కినదంతా గళ్లు గళ్లుగా చెదిరిన బూడిదరంగు. చప్పుడు లేదు.

"ఏమయ్యా, ఇందులో నువ్వు బ్రేకు చూశావో, వీపు గోక్కున్నావో ఎవడికి తెలుసు?"

"చిన్నది చెయ్యమన్నది తమరే."

"చిన్నది చెయ్యమన్నాను. మసి చెయ్యమనలేదు."

మేనేజరుకు ఈ బంధుత్వాల గొడవ అక్కర్లేదు. పెద్దావిడ కొడుకు అప్పటికే రెండుసార్లు వచ్చి బల్ల గుద్ది వెళ్లాడు. పరీక్ష చేసినట్టు రేపటికల్లా రుజువు చూపించకపోతే ఉద్యోగం ఉండదని, ఎందుకు తీసేశామో తక్కిన లిఫ్టు కంపెనీలకూ తెలియజేస్తామని మేనేజరు చెప్పాడు. అంటే గొణుగుడికి ఇక ఎక్కడా లిఫ్టు పని దొరకదు. వేరే పని రాదు.

ఇంటికొచ్చి సంగతి చెప్పాడు. భార్య పూర్తిగా విని, "అసలుది నా దగ్గరుంది," అంది.

"అదెందుకు దాచావ్?"

"మా అమ్మని మీరన్న మాటలకి. రేపు ఎప్పుడైనా అడిగితే 'నేనెప్పుడన్నాను' అంటారుగా."

గొంతు దానంతటదే పోలేదని, ఆమే తీసేస్తూ వచ్చిందని అతనికి అప్పుడు తెలిసింది. ఆమె వీడియో నడిపింది. బొమ్మ ఇందులోనూ పెద్ద గొప్పగా లేదు. డ్రమ్ముకు అడ్డంగా అదే వీపు. కానీ గొంతు గంటలా మోగుతోంది. "నా వెనకాల స్పానర్లు మోసినవాడు నాకే వీడియో పంపమంటాడు. ఆ మహాతల్లి కన్నది కూడా చూడు, కూతురికి నోరు, కొడుక్కి కుర్చీ. ఆ కుర్చీ కాలు విరిగి..." అక్కడ ధన్‌మని బ్రేకు పడింది. మోటారు రొద కత్తితో కోసినట్టు తెగిపోయింది. "...నడుం మీద పడితే గానీ తెలీదు వెధవకి."

నూనె ఉన్న డ్రమ్మయితే రొద సాగి సాగి ఆగుతుంది. ఇది ఠక్కున ఆగింది. లిఫ్టు పని తెలిసిన ఎవరికైనా ఇంతకు మించి రుజువు అక్కర్లేదు.

"ఆ ముందూ వెనకా మాటలు తీసేయలేవా?" అన్నాడు.

"తీసేస్తే చప్పుడు నేను అతికించానంటాడు వాడు. వాడి సంగతి మీకు తెలీదా?"

"అయితే వద్దు. పోతే పోయింది ఉద్యోగం."

"పోతే ఇంట్లో కూర్చుని ఎవర్ని తిడతారు? నన్నేగా," అంది ఆమె. "రేపు నేనూ వస్తున్నాను."

మర్నాడు మేనేజరు బల్ల మీద ఫోను పెట్టి వీడియో నడిపింది. గొణుగుడు గోడకున్న క్యాలెండర్ కేసి చూస్తూ నిలబడ్డాడు. మొదటిసారి విన్నప్పుడు మేనేజరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బ్రేకు చప్పుడు సరిగ్గా అందలేదని రెండోసారి పెట్టించాడు. మూడోసారి ఎందుకు పెట్టించాడో అతనికే తెలియాలి.

"ఇది బ్రేకేనా?" అని సూపర్‌వైజర్‌ను అడిగాడు.

సూపర్‌వైజర్ దవడ బిగించి అక్కవైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"బ్రేకే సార్. బాగా పట్టింది. నూనె తర్వాత కారి ఉంటుంది."

"మరి తక్కినది?"

"తక్కినది నా గురించే సార్."

మేనేజరు ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకోకుండానే నవ్వాడు. గొణుగుడి ఉద్యోగం నిలిచింది.

బయట మెట్ల దగ్గర తమ్ముడు అక్కను ఆపాడు. "ఇన్నాళ్లూ ఇవన్నీ వింటూ దాచుకున్నావన్నమాట. ఒక్క ముక్క నాకు చెప్పలేకపోయావా?"

"చెప్తే ఏం చేసేవాడివి?"

"నీ మొగుణ్ని ఎప్పుడో పీకేసేవాణ్ని."

"అందుకే," అంది ఆమె.

ఆ తర్వాత అతను అక్క గడప తొక్కలేదు. సంగతి తెలిసిన అత్తగారు ఫోన్ చేసి అల్లుడి ఏడు తరాలనూ కడిగి ఆరేసింది. కంపెనీలో మాత్రం కొత్త ఆదేశం వచ్చింది. ఇకపై వీడియోలను ఎంత చిన్నవి చేసినా సరే, శబ్దం ఉండి తీరాలి. కింద సూపర్‌వైజర్ సంతకం.

గొణుగుడు ఇప్పుడు మెషిన్ రూములో నోరు విప్పడు. పెదవులు బిగబట్టి బోల్టులు బిగిస్తాడు. వీడియోలో మోటారు, బ్రేకు తప్ప ఇంకేమీ వినపడవు. పొద్దుటి నుంచి కూడబెట్టినదంతా సాయంత్రం ఇంటికి మోసుకొస్తాడు. చెప్పులు విడవకముందే కుళాయితో మొదలుపెట్టి ఇంటి యజమాని, మేనేజరు, బావమరిది, అత్తగారు, ఆ వరసలో చివరికి భార్య.

ఆదేశం వచ్చిన వారంలోనే, ఒక సాయంత్రం అతని తిట్లు ఇంకా అత్తగారి దగ్గరే ఉండగా, భార్య తన ఫోనును మంచినీళ్ల బిందెకు ఆనించి నిలబెట్టింది. ఎర్ర చుక్క వెలిగింది.

"ఏంటది?" అన్నాడు.

"కానివ్వండి," అంది. "దీన్ని చిన్నది చెయ్యను."