రూప్లి ఎనిమిది గంటలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. నా పేరు శ్రీశైలం. బొగ్గుగనిలో ముప్పై రెండేళ్ళు టైమ్ కీపర్‌గా చేశాను. ఎవరు ఎన్నింటికి గనిలోకి దిగారు, ఎన్నింటికి పైకొచ్చారు అని రాయడమే నా ఉద్యోగం. నేను రాసిన మస్టరులో ఒక్క కొట్టివేత ఉండేది కాదని ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాను. రిటైరయ్యాక అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోట, దానితోపాటు ఒక పాత ట్రాక్టరు కొన్నాను. ఆ ట్రాక్టరు నడిపే రూప్లి గురించే ఇప్పుడు చెప్పబోయేది.

రూప్లిది మా తోట పక్క తండా. అసలు డ్రైవరు ఆమె భర్త లాలు, తండాలో ఒకరి ట్రాక్టరు తోలేవాడు. ఒక వానాకాలం అతని కాలు విరిగింది. నాట్లకు దున్నాల్సిన మళ్ళు ఆగవు కదా! కొంగు నడుముకు బిగించి రూప్లే సీటెక్కింది. మొదటిరోజు గట్టు పగలగొట్టింది, తండా అంతా వచ్చి పగలబడి నవ్వింది. నెల తిరక్కుండా, నవ్వినవాళ్ళే "మా మడికి ఎప్పుడొస్తవ్?" అని ఇంటిముందు నిలబడ్డారు. కాలు బాగయ్యాక లాలు ఆటో కొనుక్కున్నాడు గానీ సీటు మాత్రం వెనక్కి రాలేదు పాపం.

మా దగ్గర చేరిన రోజే ఆమె చేతిలో ఒక నోటుపుస్తకం పెట్టాను. ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో రోజూ రాయాలన్నాను.

"గిది గని గాదయ్యా, తోట" అంది నా భార్య రోజారాణి.

"రాస్త తియ్ అక్కా, ఏం పోయె" అని రూప్లి నవ్వింది. ఫోన్‌లో టైమ్ చూసి ఠంచనుగా రాసేది.

మొన్న ఆగస్టులో గెలలు విరగకాశాయి. ఒక రోజు పొద్దున ఆరింటికి రూప్లి లోడు వేసుకుని పామాయిల్ ఫ్యాక్టరీకి బయల్దేరింది. ఇంజను తిరిగిన గంటలు చూపే ట్రాక్టరు మీటరులో ఎంత ఉందో అంతకుముందే నేను నా జేబు డైరీలో రాసిపెట్టుకున్నాను, పాత అలవాటు. మధ్యాహ్నం రెండింటికి బండి మీద ఫ్యాక్టరీకి వెళ్ళాను. ట్రాక్టర్ల లైను రోడ్డు దాకా ఉంది. మన ట్రాక్టరు మధ్యలో డుగుడుగుమంటూ నిలబడి ఉంది.

"ఇంజన్ ఎన్ని గంటలు తిరిగింది?" అన్నాను.

"ఎనిమిది, సారూ. పొద్దుగాల్నుంచి బంద్ చెయ్యలే."

మీటరు చూశాను. సరిగ్గా ఐదు గంటలే పెరిగింది! నాకు ఒళ్ళు మండిపోయింది. అన్నేళ్ళ ఉద్యోగంలో దొంగ మస్టర్లు ఎన్ని పట్టుకున్నానో.

"మీటర్ ఐదంటది, నువ్ ఎనిమిదంటవ్. మూడు గంటల డీజిల్ ఎవరు తాగిండ్రు?" అని లైనంతా వినేలా అరిచాను. పుస్తకం లాక్కుని ఎర్ర పెన్నుతో ఎనిమిది కొట్టేసి ఐదు వేశాను.

డ్రైవర్లందరూ తలలు తిప్పి చూశారు. రూప్లి ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"సారూ, ఆడమనిషికి స్టీరింగ్ ఇచ్చుడే కష్టం. గిప్పుడు దొంగ అన్నరు. రేపు నాకు తాళం ఎవలిస్తరు?"

లోడు దింపి, ట్రాక్టరు తెచ్చి మా వాకిట్లో పెట్టి, తాళం రోజారాణి చేతిలో ఉంచి వెళ్ళిపోయింది. రోజారాణి ఆ పూట నాకు అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

మర్నాడు ఏడింటికే రూప్లి వచ్చింది. "పనికి రాలే. మీ గడియారం తీసుకొని కూసోండ్రి" అంది.

రూప్లి సీటెక్కింది, ఎప్పటిలాగే తోసి ట్రాక్టరు స్టార్టు చేయించాం, నాతోపాటు రోజారాణి కూడా ఒక చెయ్యి వేసింది. రేసు పెంచకుండా, లైనులో నిలబడ్డప్పుడు తిరిగినట్టే ఇంజనును తిరగనిచ్చింది. నేను స్టూలేసుకుని మీటరు ముందు కూర్చున్నాను. మీటరులో చివరి అంకె గంటలో పదో వంతు. గంట గడిస్తే అది పదిసార్లు మారాలి. నా గడియారంలో నిండు గంట గడిచింది. అంకె నాలుగుసార్లే మారింది!

"మీటర్ ఖరాబైంది" అన్నాను.

"ఆగుండ్రి." రూప్లి రేసు పెంచింది. నిమిషానికి ఇంజను చుట్లు చూపే ముల్లు పదిహేను వందల మీదికి వచ్చింది. ఇప్పుడు సరిగ్గా ఆరు నిమిషాలకొకసారి అంకె మారుతోంది. అరగంటకు అయిదు.

"లైన్ల నిలబడితే సూడనీకి ఏముంటది సారూ? గీ మీటరే నా టీవీ. ఇంజన్ జోరుగ తిరిగితే ఇది జల్దీ పోతది, మెల్లగ తిరిగితే ఇది గూడ కునుకు తీస్తది. మీ గడియారం లెక్క కాదిది."

ఈ పాత మీటరు ఇంజను చుట్లను బట్టే కదులుతుందట. నేను జేబురుమాలుతో అద్దం మీద దుమ్ము తుడిచాను. గంటలు అన్న అక్షరాల పక్కనే చిన్నగా 1500 అని ఉంది. ఆ వేగం దగ్గరే దాని గంట, మన గంట ఒకటి. బతుకంతా గడియారాలు చూసినవాణ్ణి, సొంత ట్రాక్టరు మీటరు తుడిచి చదవలేదు.

నిన్నటి లెక్క అప్పుడు కుదిరింది. దారిలో మూడు గంటలు మూడే. లైనులో ఐదు గంటలు మీటరుకు రెండు. మొత్తం ఐదు. ఆమె ఎనిమిదీ నిజమే.

"అయినా లైన్ల గన్ని గంటలు బంద్ చెయ్యకుండ ఎందుకుంచినవ్?" అన్నాను, ఇంకా పట్టు వదలక.

"బంద్ చేస్తే మల్ల ఎవరు తోస్తరు?"

"బ్యాటరీ మార్చమని మూన్నెల్ల నుంచి మొత్తుకుంటున్న" అంది రోజారాణి లోపలి నుంచి. సిగ్గుతో నా తల కొట్టేసినట్టయింది.

"తప్పు నాదే బిడ్డా. రేపట్నుంచి రా" అన్నాను.

రూప్లి కదల్లేదు. "గీడ అంటే ఎట్ల సారూ? మీరు దొంగ అన్నది గీడ కాదు."

నిజమే కదా.

తర్వాతి లోడుకు కొత్త బ్యాటరీ వేయించి, ఆమె పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని ఫ్యాక్టరీకి వెళ్ళాను. లైనులో అవే ముఖాలు. ట్రాలీ ఎక్కి గెలల మీద నిలబడ్డాను. ముళ్ళు గుచ్చుకుంటున్నాయి, అది వేరే సంగతి.

"అందరు ఇనుండ్రి! మొన్న రూప్లి ఎనిమిది అన్నది నిజం. మీటర్ తప్పు సదివింది నేను!"

పుస్తకం తీసి, నా ఎర్ర ఐదును అందరి ముందూ కొట్టేశాను. పైన మళ్ళీ ఎనిమిది వేసి, పక్కన సంతకం పెట్టాను. కొట్టివేత పక్కన ముప్పై రెండేళ్ళలో పెట్టని సంతకం అది. వెనక ట్రాక్టరు డ్రైవరెవరో ఈల వేశాడు.

రూప్లి పుస్తకం అందుకుని ఆ పేజీని చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత ట్రాక్టరు చప్పుడును మించి నవ్వింది.

"ఇగ దిగుండ్రి సారూ, లైన్ కదిలింది."