లిన్ మాస్టారి కాగితం

ఈ అరబ్బు దేశంలో మాకున్న దార్సైట్ గుడిలో హారతి ఆరిపోయాక పళ్లెంలోంచి కర్పూరం మసి వాసన వస్తుంది. అందరూ చేతులు చాస్తారు. నేను మాత్రం ఒక అడుగు వెనక్కి వేస్తాను. నాకది రైసూత్‌లో లిన్ మాస్టారి సిరా వాసన.

రైసూత్‌లో రేవు దగ్గర నేను హెల్మెట్లు, సేఫ్టీ బెల్టులు అమ్మేవాణ్ణి. పక్క షాపులో పంపులు బాగుచేసే చైనా పెద్దాయనే లిన్ మాస్టారు. మధ్యాహ్నం ఎండకి షట్టర్లు దించాక, మసి, కర్పూరం కలిపి చేసిన సిరా కడ్డీని రాతిపలక మీద అరగదీసి కుంచెతో వాళ్ల పాత పద్యాలు రాసేవారు. అంగళ్లలో పెరిగినవాణ్ణి కదా, ఊరికే వస్తుందంటే ఏ విద్యనీ వదలను; నేనూ ఒక కుంచె పట్టాను. వంకరపోయిన గీతను సరిచేయబోతే వేళ్ల మీద ఒక్కటేశారు. "పడింది పడనీ సేఠ్. దిద్దితే శవానికి రంగేసినట్టుంటుంది" అన్నారు, మా ఇద్దరికీ వచ్చిన అరకొర హిందీలో.

ఒకరోజు వాళ్ల పాత గ్రంథాల్లోని కథ చెప్పారు. ఒక మంత్రి తన రాజును చంపించాడు. ఆస్థానంలో చరిత్ర రాసే ఉద్యోగి ఆ మాటే రాశాడు. మంత్రి అతణ్ణి చంపించాడు. తమ్ముడొచ్చి అదే రాశాడు, వాణ్ణీ చంపించాడు. ఇంకో తమ్ముడూ వచ్చి అదే రాస్తే, ఇక మంత్రి ఊరుకున్నాడు.

"ఇద్దరు పోయేదాకా ఎందుకు మాస్టారూ? 'రాజుగారు పోయారు' అని రాస్తే బేరం కుదిరిపోయేది కదా!"

"నువ్వైతే మంత్రి దగ్గర కమీషన్ కూడా తీసుకునేవాడివి" అని పగలబడి నవ్వారు.

ఆ వేసవిలోనే మా శ్రీకాకుళం అప్పన్న సైట్‌లో పరంజా మీంచి పడి చనిపోయాడు. ముందురోజు మా షాపు ముందు నిలబడి, "బెల్టు అడిగితే రేపు రేపంటన్నారన్నా" అన్నాడు. మాస్టారు అక్కడే ఉన్నారు. వాడి మాట హిందీలో ఆయనకు చెప్పింది నేనే.

వాడి కంపెనీ మేనేజరు వచ్చి, అప్పన్న చేతికి నేనే బెల్టు ఇచ్చినట్టు రాసిమ్మన్నాడు. ఇకమీదట వాళ్ల సరుకంతా నా దగ్గరే కొంటారట. ఏడాది అన్నాడు. రెండేళ్లకు ఒప్పించి, రాసిచ్చాను. బెల్టు ఉండీ కట్టుకోలేదు కనుక తప్పు అప్పన్నదేనని తేల్చారు. వాడి భార్యకు పరిహారం రాలేదు.

మాస్టారు నన్ను తిట్టలేదు. తాను విన్నది తన భాషలో కుంచెతో రాసి తెచ్చి, "దీన్ని అరబ్బీలో రాసిపెట్టు" అన్నారు.

"మీ షాపూ ఆ కంపెనీ యజమాని అర్బాబుదే కదా మాస్టారూ, మన వీసాలూ ఆయన చేతిలోనే. వీసా పోతుంది."

"ఎవరిది? నాదా, నీదా?"

నేను రాయలేదు. ఆయన ఆ కాగితాన్నే లేబర్ ఆఫీసుకు పట్టుకెళ్లారు. పిచ్చిగీతలని నవ్వి తిప్పి పంపారు. కానీ నెల తిరక్కుండానే ఆయన వీసా రద్దయింది. వెళ్లేటప్పుడు ఆ కాగితం నా కౌంటర్ మీద పెట్టారు.

అందులో ఒక్క అక్షరమూ నాకు చదవడం రాదు. ఏం రాసుందో మాత్రం తెలుసు.

అప్పన్న భార్య ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. "అంత జాగర్త మనిషి. మీరిచ్చిన బెల్టు ఎందుకు కట్టుకోలేదన్నా?" అని అడుగుతుంది. ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటాను. "తొందరలో మరిచిపోయుంటాడమ్మా" అంటాను.