అశోక్‌నగర్‌లో మా మేనల్లుడికి ఒక చాప

మీ ఇంటి పిల్లవాడు ఎవరైనా బాలల హోం నుంచి బయటికి వస్తుంటే, వాడికి హైదరాబాద్‌లో ఒక చోటు వెతికే పని మీ నెత్తిన పడితే, ఈ మూడు రోజుల ప్రయాణం సంగతులు మీకు పనికొస్తాయి. అట్లాంటి పని ఎవరికీ పడకూడదనే కోరుకుంటాను. కానీ పడ్డాక ఏడుస్తూ కూర్చుంటే రైలు మన కోసం ఆగదు కదా.

పిల్లవాడు మా అన్న కొడుకు శ్రీను. దోస్తులతో కలిసి రెండుసార్లు మోటారు సైకిళ్ళు దొంగిలించి పట్టుబడ్డాడు. మొదటిసారి మందలించి పంపారు, రెండోసారి హోంలో పెట్టారు. ఇంకో నాలుగు నెలలకు వాడికి పద్దెనిమిది నిండుతాయి. అవి నిండాక మూడోసారి పట్టుబడితే హోం కాదు, జైలే. ఆ మాట నాకు చెప్పింది వాడి మంచిచెడ్డలు చూసే ప్రొబేషన్ ఆఫీసరు మేడం. "పిల్లగాడు చెడ్డోడు కాదమ్మా. ఇంట్ల చూసే దిక్కు లేదు, బడి మానేసిండు, సాయంత్రమైతే ఆ దోస్తులు. ఇవన్నీ మళ్ళ గట్లనే ఉంటే మళ్ళ గట్లనే అయితది. మీ చేతుల ఏదుంటే అది మార్చుండ్రి" అంది.

మా అన్న తాగుడు మాన్పించడం నా చేతిలో లేదు, ఆ ప్రయత్నం చేసి చేసి విసిగిపోయాను. మా వదిన నాలుగిళ్ళలో పనిచేసి దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరుతుంది. హైదరాబాద్‌లో వాళ్ళుండే బస్తీ నుంచి పిల్లవాణ్ణి తప్పించడం మాత్రం నా చేతిలో ఉంది. జనగామలో నా టైలరింగ్ షాపులోనే పెట్టుకుందామంటే, వాడు తరచూ హైదరాబాద్‌లో ఆఫీసరుకు కనబడాలి. నారాయణగూడలో పుస్తకాల బైండింగ్ షాపు నడిపే యాదగిరన్న మా ఆయనకు పాత దోస్తు. వాడికి పని ఇస్తానన్నాడు, ఇంట్లో పెట్టుకోవడానికి మాత్రం జాగా లేదన్నాడు. ఇక కావలసింది ఉండే చోటు. శనివారం వాణ్ణి నా చేతికి అప్పగించేలోపు అది ఎక్కడో మేడంకు చెప్పాలి.

శుక్రవారం పొద్దున జనగామలో ప్యాసింజర్ ఎక్కాను. 2012, చలికాలం మొదలయ్యే రోజులు. కిటికీ పక్కన సీటు దొరికింది. ఎదురుగా ఆలేరులో ఎక్కిన ముసలమ్మ, ఒళ్ళో జామకాయల మూట.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా?"

"మా మేనల్లుడికి రూం చూడనీకి."

"ఏం జదువుతున్నడు?"

"చదువుతలేడు. దొంగతనం జేసి హోంల ఉండె. రేపు బయటికొస్తున్నడు."

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు. నా నోటికి దాపరికం కూడా చేతకాదు. ముసలమ్మ మూటను అటు పక్కకు జరుపుకుంది, దొంగను నేనే అయినట్టు. భువనగిరి దాటాక ఏమనుకుందో ఏమో, రెండు జామకాయలు తీసి నా చేతిలో పెట్టింది. "తిను. తిరిగే పనున్నది గద" అంది.

సికింద్రాబాద్‌లో దిగేసరికి తొమ్మిది దాటింది. స్టేషన్ బయట కోఠీ పోయే సిటీ బస్సు ఎక్కితే ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా చిక్కడపల్లి వస్తుంది. ఆ తర్వాతిది నారాయణగూడ. ఆటో వాళ్ళ మాట వినకండి, బస్సు బాగానే దొరుకుతుంది. ముందు యాదగిరన్న షాపుకు వెళ్ళి చాయ్ తాగాను. జిగురు వాసన, కప్పు వరకూ పేర్చిన ప్రశ్నల పుస్తకాలు. అన్ని పరీక్షల పుస్తకాలూ అక్కడే కుట్టుకు వస్తాయి.

"చెల్లె, జర నా మాటిను. రూం అడిగేటప్పుడు కేసు ముచ్చట తియ్యకు. ఎవరిస్తరు గట్ల చెప్తే?" అన్నాడు.

"రేపు ఇంకెవరో చెప్తే, వాని సంచి తీసి బయట పడేస్తరు. గప్పుడు వాడు ఏడికి పోతడన్నా? మళ్ళ ఆ దోస్తుల తానికే గదా. పడేసేదేదో ఇయ్యాల నా ముంగటనే పడేయమను."

ఆయన తల పట్టుకున్నాడు. నేను సంచి తీసుకొని నడిచాను.

చిక్కడపల్లి మార్కెట్ దాటి, లైబ్రరీ పక్క నుంచి అశోక్‌నగర్ గల్లీల్లోకి వెళితే ప్రతి గోడ మీదా హాస్టల్ బోర్డే. పరీక్షలకు చదివే పిల్లల ఊరది. ఖమ్మం, పాలమూరు, ఆదిలాబాద్ ఎక్కడెక్కడి వాళ్ళో చేతిలో పుస్తకం పట్టుకొని నడుస్తూనే చదువుతుంటారు. అక్కడ ఎవరైనా మొదట అడిగే మాట ఒకటే, ఏ ఊరని కాదు, ఏ కులమని కాదు.

"దేనికి ప్రిపేర్ అయితున్నడమ్మా? గ్రూప్సా, ఎస్సైయా?" మొదటి హాస్టల్ ఆయన అడిగాడు.

"పదో తరగతికి" అన్నాను. ఆయన నవ్వాడు. బడికి పోకుండా ప్రైవేటుగా రాయిస్తానని చెప్పి, కేసు సంగతి కూడా చెప్పాను. నవ్వు ఆగింది. రెండో చోట ఖాళీ లేదన్నారు, తలుపు మీద మాత్రం ఖాళీ ఉందన్న కాగితం వేలాడుతోంది. మూడో చోట ఒక పెద్దమ్మ, "పాపం" అని కాసేపు నొచ్చుకొని, "మా దాంట్ల వద్దు బిడ్డా" అంది. ఆ తర్వాత ఇంకెన్ని మెట్లు ఎక్కి దిగానో. మధ్యాహ్నానికి ఒళ్ళు మండిపోయింది. ఇంతమంది గొప్పవాళ్ళు కాబోతున్న ఊళ్ళో ఒక పిల్లవాడు పడుకోవడానికి చాపంత జాగా లేదా అనిపించింది. ఒక మెస్‌లో అన్నం తిన్నాను. పప్పు బాగుంది, సాంబారు ఎంతైనా పోస్తారు. కడుపు నిండాక కోపం కొంచెం తగ్గి, పట్టుదల పెరిగింది. చోటు దొరక్కుండా జనగామ వెళ్ళేది లేదనుకున్నాను.

సాయంత్రం లైబ్రరీ దగ్గర చాయ్ బండి పక్కన గోడకు ఒక కాగితం కనబడింది. రూంలోకి నాలుగో మనిషి కావాలని రాసి ఉంది. చాయ్ బండి అతన్ని అడిగితే, అక్కడే నిలబడి చాయ్ తాగుతున్న యువకుణ్ణి చూపించాడు. కత్తిరించిన పొట్టి జుట్టు, నిటారు మనిషి. పేరు రవీందర్. నల్లగొండ దిక్కు పల్లెటూరు. అతనూ రూంలోని మిగతా ఇద్దరూ కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నారు.

మొత్తం చెప్పాను. అతను చాయ్ గ్లాసు బండి మీద పెట్టేశాడు.

"అక్కా, మీరు ఏమనుకోకుండ్రి. రేపు నాకు ఉద్యోగమొస్తే వెరిఫికేషన్‌కొస్తరు. గల్లీ గల్లీ అడుగుతరు. కేసున్నోనితోని ఒక్క రూంల ఉన్నడంటే నా బతుకు ఆగమైతది. మా నాయిన రెండెకరాలు కౌలుకు జేస్తడు."

"వాడు అప్పుడు పిల్లగాడు తమ్మీ. పిల్లల కేసు ముందటికి అంటుకోదని మేడం చెప్పింది. నీకేమన్న ఎరుకనా ఆ సంగతి?"

రవీందర్ చటుక్కున, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు: "బాలలు చేసిన నేరం రుజువైనా, దాని వల్ల వారికి ఆ తర్వాత ఎటువంటి అనర్హతా కలుగదు." చెప్పి, "మోడల్ పేపర్ల వచ్చిందక్కా. కరెక్టు పెట్టిన" అన్నాడు.

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. "కరెక్టు పెట్టినవ్. మార్కు దొబ్బినవ్. మరి పరీక్షల అంటని మచ్చ రూంల ఎట్ల అంటుతది రా తమ్మీ? వానికే లేని మచ్చ, పక్కన చాపేసుకొని పండుకున్న నీకెట్లొస్తది?"

చాయ్ బండి అతను నవ్వాపుకోలేక అటు తిరిగాడు. రవీందర్ చెవులు ఎర్రబడ్డాయి. బండి మీది గ్లాసు మళ్ళీ తీసుకొని చల్లారిన చాయ్ తాగేశాడు. రోడ్డు మీద బస్సుల హారన్లు, లైబ్రరీ లోపలికి పోయే పిల్లల చెప్పుల చప్పుడు. చివరికి, "మావోళ్ళని అడగాలె" అన్నాడు.

"పోదాం పా, నేను గూడ వస్త."

మేడ మీద వేసిన పెంట్‌హౌస్ రూం. రేకుల కప్పు, గోడ నిండా దేశాల పటాలు, మూల ఒక గ్యాస్ పొయ్యి. మిగతా ఇద్దరూ ముందు ససేమిరా అన్నారు. రవీందరే వాళ్ళకు నా మాటలు నాకంటే బాగా చెప్పాడు. ఆఖరికి తేలింది ఏమిటంటే, వారం రోజులు చూస్తారు, నచ్చకపోతే నేను వచ్చి తీసుకుపోవాలి. పొద్దున అయిదింటికి వాళ్ళతో పాటు గ్రౌండ్‌కు పోయి ఉరకాలి, రూంలో పడుకుంటానంటే కుదరదు. నేను సరే అన్నాను. ఆ రాత్రి చిక్కడపల్లిలో యాదగిరన్న ఇంట్లో పడుకున్నాను. మొద్దు నిద్ర పట్టింది.

శనివారం మేడంకు రూం అడ్రసు ఇచ్చి, హోం నుంచి శ్రీనును తెచ్చుకున్నాను. బక్కచిక్కి పొడుగయ్యాడు. గేటు దాటగానే రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. ఎవరి కోసమో నాకు తెలుసు. నేను వాడి చెయ్యి పట్టుకొని బస్సెక్కించాను.

"అత్తా, అమ్మ రాలే?"

"పని ఇడిసిపెట్టి రానియ్యలేదట. ఆదివారం పొద్దుగాల వస్తది."

సుల్తాన్ బజార్‌లో దిగి వాడికి రెండు జతల బట్టలు, ఉరకడానికి బూట్లు, ఒక చాప, దుప్పటి కొన్నాను. బూట్లు బేరమాడాను, మిగతావి వాళ్ళు చెప్పిన ధరకే కొనేశాను, బేరానికి నాకు ఓపిక లేకపోయింది. సాయంత్రం రూంలో చాప పరిచాక నాలుగు చాపలకూ మధ్య నడవడానికి జాగా మిగల్లేదు. రవీందర్ వాణ్ణి పైనుంచి కిందికి చూసి, "ఎన్ని కిలోమీటర్లు ఉరుకుతవ్?" అని అడిగాడు. "ఎన్నడు కొలవలే అన్నా. పోలీసులు ఎంబడి పడ్డప్పుడు మస్తు ఉరికిన" అన్నాడు మావాడు. ముగ్గురూ పగలబడి నవ్వారు. నేను మాత్రం వాడి నెత్తి మీద ఒక్కటి ఇచ్చాను.

ఆదివారం పొద్దున వదిన వచ్చి వాడికి అన్నం కలిపి తినిపించి, ఏడ్చి వెళ్ళింది. యాదగిరన్న షాపు చూపించి, సోమవారం తొమ్మిదింటికి రమ్మన్నాడు. మధ్యాహ్నం మూడింటికి నేను బయల్దేరాను. పెళ్ళి జాకెట్లు కుట్టి ఇవ్వాల్సినవి షాపులో అట్లాగే ఉన్నాయి. ఆఫీసరు మేడం పని ఉండని ఆదివారం సాయంత్రాల గురించే ఎక్కువ భయపెట్టింది. ఆ మాట గుర్తుకొస్తూనే ఉంది, అయినా ఎన్నాళ్ళని పక్కన కూర్చుంటాను?

సికింద్రాబాద్‌లో నాలుగున్నర బండి దొరికింది. జనం బాగా ఉన్నారు, ఘట్‌కేసర్ దాకా నిలబడే వచ్చాను. బీబీనగర్ దాటాక ఫోను మోగింది. రవీందర్.

"అక్కా, మీవోడు రూంల లేడు. మంచినీళ్ళ డబ్బా తెస్తనని పోయి గంటయితుంది. డబ్బా షాపుల్నే ఉన్నది."

వారం కూడా కాలేదు, ఒక్క రోజు! తీసుకుపొమ్మని చెప్పడానికే చేశాడనుకున్నాను. "నేను దిగుతున్న తమ్మీ, ఎనకకు వస్తున్న" అన్నాను.

"మీరు వచ్చేదాంక ఎవరాగుతరక్కా? మేం ముగ్గురం పోతున్నం. ఫోన్ పెట్టుండ్రి."

భువనగిరిలో దిగిపోయాను. సికింద్రాబాద్ వైపు పోయే బండి ఎప్పుడో అడిగి, ప్లాట్‌ఫారం మీద బెంచీ పక్కన నిలబడ్డాను, కూర్చోబుద్ధి కాలేదు. మా అన్నను తిట్టాను, ఆ దోస్తులను తిట్టాను, పెళ్ళి జాకెట్లను కూడా తిట్టాను. దేవుణ్ణి కూడా వదల్లేదు. వేరుశెనక్కాయలు అమ్మే అతను నా మొహం చూసి పక్క నుంచి వెళ్ళిపోయాడు.

మళ్ళీ ఫోను మోగింది. అవతల రవీందర్ రొప్పుతున్నాడు, నవ్వుతున్నాడు కూడా.

"దొరికిండక్కా! నారాయణగూడ చౌరస్తాల. ఒకడు బండేసుకొని వచ్చిండు, మీవోన్ని ఎక్కుమంటున్నడు. మేం ముగ్గురం ఉరుక్కుంట పోయినం. మా కటింగులు చూసి వాడు మమ్ముల పోలీసులనుకున్నడక్కా! బండి ఇడిసిపెట్టి పారిపోయిండు! నిజంగ అక్కా, సార్ సార్ అనుకుంట పారిపోయిండు!"

ఉద్యోగం వచ్చినంత సంబరం ఆ గొంతులో. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. శ్రీనుకు ఇవ్వమన్నాను.

"బండి ఎక్కుతుంటివారా?"

"ఎక్కెటోన్నే అత్తా. నీళ్ళ షాపు కాడికెల్లి నేనే పాత దోస్తుకు ఫోన్ జేసిన. కాలు గూడ లేపిన. ఎనక నుంచి అన్న నా పేరు పెట్టి ఒర్రిండు."

అబద్ధం చెప్పి ఉంటే ఫోనులోనే కొట్టేదాన్ని. చెప్పలేదు. ఇంతకు ముందు రెండుసార్లూ వాడు ఇంట్లో లేడని మాకు తెలిసింది పోలీసులు తలుపు కొట్టాకే. ఈసారి గంటకే ముగ్గురు పుస్తకాలు మూసి రోడ్డెక్కారు. మీరు నాలాగే చోటు వెతకడానికి వెళితే, కిటికీ ఉందా, నీళ్ళు వస్తాయా అని తర్వాత అడగండి. పిల్లవాడు కనబడకపోతే ఎవరు వెతుకుతారో ముందు చూసుకోండి.

ఫోను రవీందర్‌కు ఇవ్వమన్నాను. "తమ్మీ, ఉన్న మాట చెప్పు. వచ్చి తీస్కపొమ్మంటవా?"

"ఏడికి తీస్కపోతరక్కా?" అన్నాడు, విసుగ్గా. "పొద్దుగాల అయిదింటికి ఉరకాలె వాడు."

నేను ఫోను పెట్టేసి, జనగామ పోయే బండి కోసం అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్ళాను.