పెద్దమ్మ పారాయణంలో పడిన ఖాళీలు

మా శనివారం సత్సంగంలో వెయ్యి నామాల పారాయణం నడిపించేది మా పెద్దమ్మ. ఆమె ఒక నామం అంటే మేమంతా దాన్ని తిరిగి అంటాం. ఆమె పుస్తకం ముట్టదు. నేను అక్షరాలు దిద్దకముందే ఆ నామాలను ఆమె గొంతులో విని నేర్చుకున్నాను. ఆ గొంతులో గడ్డ ఉందని, గురువారం బళ్ళారిలో ఆపరేషన్ చెయ్యాలని, తర్వాత గొంతు ఇలాగే ఉంటుందని మాట ఇవ్వలేనని డాక్టరు చెప్పాడు. అది తెలిసిన రోజే, గురువారంలోగా ఆమె పారాయణం మొత్తం రికార్డు చేసిపెడతానని సత్సంగంలో అందరి ముందూ ఒప్పుకున్నాను. ఇంట్లో మైకు ఉంది, దాన్ని ల్యాప్‌టాప్‌కు కలిపే చిన్న పెట్టె ఉంది. భజనలు రికార్డు చేసి అందరికీ ఫోన్లలో పంపడం నాకు అలవాటే. పెద్ద పని అనుకోలేదు.

ఆదివారం పొద్దున ఆమె ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి సిరిగేరిలో మా ఇంటికి వచ్చింది. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమటలు కారుతుండగా కూర్చున్నాం. గంటకు పైగా ఆమె, మేము తిరిగి అనడానికి నామానికీ నామానికీ మధ్య సందు ఇస్తూ, ఎక్కడా తడబడకుండా చెప్పింది. తర్వాత వింటే, మధ్యమధ్యలో టప్పుమని ఒక చప్పుడు, వెంటనే ఖాళీ. ఖాళీ ఉన్నచోటల్లా ఒక నామం సగం పోయింది.

మామూలు పాటయితే పోయిన ముక్క మళ్ళీ పాడించి అతికించవచ్చు. పారాయణానికి అది కుదరదు. సంకల్పం చెప్పుకుని కూర్చున్నాక ఒక్క నామం పడిపోయినా మళ్ళీ మొదటి నుంచి రావాలి. కొత్తగా చేరినవాళ్ళకు ఆ నియమం గట్టిగా చెప్పేది నేనే.

"నేను అన్నీ చెప్తినే. నీ మిషను యాడ మింగిందప్పా?" అంది పెద్దమ్మ.

రోజుకు ఒక్కసారి చెప్పేసరికే ఆమె గొంతు బొంగురుపోతోంది. బుధవారం సాయంత్రం ఆసుపత్రిలో చేరాలి. అంటే నాకు మిగిలినవి మూడు పొద్దులు.

ఆ మధ్యాహ్నమంతా ఇంటర్నెట్లో సలహాలు చదివాను. సాఫ్ట్‌వేర్‌లో బఫర్ అని ఒకటి ఉంటుంది. మైకు నుంచి వచ్చే శబ్దాన్ని కాసేపు పట్టి ఉంచే తొట్టి లాంటిది. అది చిన్నదైతే శబ్దం పొర్లిపోతుంది, పెంచమని ఒకాయన రాశాడు. పెంచాను. తీగ మార్చమన్నారు, మార్చాను. వైఫై ఆపమన్నారు, ఆపాను. ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టమన్నారు, నాలుగుసార్లు పెట్టాను. సోమవారం పెద్దమ్మ మళ్ళీ వచ్చి మళ్ళీ మొత్తం చెప్పింది. ఈసారి ఖాళీలు ఇంకా ఎక్కువయ్యాయి. కోపం సాధనను తినేస్తుందని ప్రతి శనివారం చెప్పే నోటితోనే ఆ యంత్రాన్ని ఏమేమి అన్నానో రాయలేను. పెద్దమ్మ చెవులు మూసుకుంది.

మంగళవారం ఆమె గొంతు లేవలేదు. ఆ పొద్దు అట్లా పోయింది. కంప్లిలో పెళ్ళిళ్ళకు సౌండు సిస్టం పెట్టే ఆయనకు ఫోన్ చేశాను.

"రికార్డింగ్ కాకుండా ఇంకేమి తెరిచి పెట్టినావు?" అని అడిగాడు.

"ఏమీ లేదు," అన్నాను. దేవుని ముందు ప్రమాణం చెయ్యమన్నా చేసేవాణ్ణి.

"ఏ ప్రోగ్రాం మిషను బలాన్ని ఎంత తింటాందో చూపించే పట్టీ ఒకటి ఉంటాది, తెరువు. అన్నిటికన్నా పైన ఏముండాది?"

"వీడియో ప్లేయరు."

"ఏమీ లేదంటివి కదప్పా!"

"అది నామం."

"ఏం నామం?"

చెప్పాల్సి వచ్చింది. ఆ ల్యాప్‌టాప్ కొన్నప్పుడు నేను ఒకటి మొక్కుకున్నాను. ప్రపంచంలోని చెత్తంతా దాని గుండానే ఇంట్లోకి వస్తుంది కాబట్టి, అది వెలుగుతున్నంతసేపూ లోపల భగవన్నామం ఆగకూడదని. అందుకే నామసంకీర్తన వీడియో ఒకటి అందులో పెట్టాను. ల్యాప్‌టాప్ తెరవగానే అది దానంతటదే మొదలవుతుంది, శబ్దం లేకుండా, తెర వెనక తిరుగుతూనే ఉంటుంది. పూజగదిలో దీపాన్ని ఎవరైనా ప్రోగ్రాం అంటారా? నేనూ అనుకోలేదు.

"స్వామీ, నీ పాత ల్యాప్‌టాపు ఒంటెద్దు. దాని మెడకి రెండు బండ్లు కడితివి. వీడియో మూసెయ్, ఆయ్తు," అన్నాడు సౌండు సిస్టం ఆయన.

ఆయనకు ఆ ఆయ్తుతో పని అయిపోయింది. నాకు కాలేదు. మొక్కు ఎట్లా తప్పేది? ఇంకో ల్యాప్‌టాప్ ఎవరినైనా అడుగుదామా అని ఆలోచిస్తుంటే నా భార్య వంటింట్లోంచి అంది, "సౌండే లేకపోతే అది ఎవురికి వినపడతాందంట?"

"వినాల్సినోడు వింటాండాడు."

"ఆయప్ప అంత బాగా వింటాంటే మీ పెద్దమ్మ చెప్పింది రెండుసార్లూ వినే ఉంటాడు. మళ్ళా రికార్డింగ్ ఏంటికి?"

ఆడవాళ్ళకు శాస్త్రం తెలియదన్నాను. ఆ పూట నాకు అన్నం నేనే వడ్డించుకున్నాను.

బుధవారం పొద్దున పెద్దమ్మ వచ్చింది. మాట కొంచెం తేరుకుంది. తలవంచుకుని సంగతంతా చెప్పాను.

"నీ మొక్కు ఏమి? మిషన్లో నామం ఆగకూడదనే కదా?"

"అవును పెద్దమ్మా."

"మరి నా నోట్లోంచి దాంట్లోకి పొయ్యేదేంది? సినిమా పాటనా?"

నాలుగు రోజులు, ఇంత చదువు, ఇన్ని ఉపన్యాసాలు. ఈ ఒక్క ముక్క నాకు తట్టలేదు. ఎవరి మీద విసుక్కోవాలో కూడా తెలియలేదు. వీడియో మూశాను. చెంపలు వేసుకున్నాను. "త్వరగా కానీ, బస్సు పోతాది," అంది ఆమె.

ఆ రోజు గొంతులో గరగర ఉంది, చివర్లో శ్వాస కుదురుగా లేదు. కానీ ఒక్క నామం పోలేదు. హెడ్‌ఫోన్లు పెట్టి వినిపిస్తే, "ఎవురో ముసిలిది, బాగానే చెప్తాంది," అని లేచి సంచి తీసుకుంది.

ఆపరేషన్ అయింది. నెల దాకా మాట్లాడకూడదన్నారు. మూడో శనివారం ఆమె సత్సంగానికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ల్యాప్‌టాప్‌లోంచి ఆమె గొంతు ఒక నామం అంది. అందరూ అన్నారు. నేను మాత్రం తెర మీద కదిలే గీతనే చూస్తున్నాను, ఎక్కడ తెగుతుందో, ఎక్కడ టప్పుమంటుందో అని. ఎన్ని నామాలు వెళ్ళిపోయాయో తెలియదు. నా మోకాలి మీద ఫట్మని దెబ్బ పడింది. పెద్దమ్మ మాట్లాడలేదు, కళ్ళురిమి నా నోటి వైపు వేలు చూపించింది.

నేను నోరు తెరిచాను.