మా అమ్మాయికి మాట పడిపోయిన ఏడాది

మా అమ్మాయికి మాట పడిపోయిన రోజు నేను లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుడుతున్నాను. లైనులో ఫోన్లు దగ్గర పెట్టుకోనివ్వరు. సూపర్‌వైజరు వచ్చి భుజం తట్టి, పిల్ల ట్యూషన్ నుంచి కబురొచ్చిందని చెప్పింది. జ్వరం లేదు, దెబ్బ తగల్లేదు, మాట మాత్రం రావడం లేదట. సెలవడిగి, పికప్ బండి వెనక నిలబడి, ట్యూషన్ ఉన్న లత పేట చేరేసరికి రెండు గంటలు పట్టింది.

ఆ ట్యూషన్ ఒక పాత మేడలో మూడో అంతస్తు. పన్నెండో తరగతి పిల్లలు అరవై మంది ఒకే గదిలో కూర్చుని పాఠాలు పైకి వల్లె వేస్తారు. ఇక్కడ బర్మాలో చదువంటే అదే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు నోటికి రావాలి, చేతికి రావాలి. ఆ హోరు వీధి మొగదాకా వినిపిస్తుంది. మా అమ్మాయి మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను చూసి నోరు తెరిచింది. పెదవులు "అమ్మా" అన్నట్టే కదిలాయి. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఏటైనాదే?" అన్నాను.

తల అడ్డంగా ఊపి, గొంతు చూపించింది. ఆఖరి పరీక్షకు అప్పటికి రెండు నెలలైనా లేదు.

అరిచి అరిచి గొంతు ఒరుసుకుపోయిందనుకున్నాం. అల్లం, తేనె, మిరియాల కషాయం అన్నీ అయ్యాయి. వారం దాటాక గొంతు డాక్టర్ల దగ్గరికి తిప్పాను. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూసిన డాక్టరు లోపల అంతా బాగుందన్నాడు. రెండో ఆయన పిల్ల ఎదుటే, "చదువు తప్పించుకోడానికి నాటకం" అన్నాడు. ఆ మాటకు పిల్ల కళ్లు ఎర్రబడ్డాయి కానీ ఏడవలేదు. మింగళ తౌంగ్‌న్యున్‌లో మా తెలుగు వీధి ఆడవాళ్లు ఎవరి దిష్టో తగిలిందన్నారు. గుడికి తీసుకెళ్లి నిమ్మకాయ తీయించాను. నమ్మకం ఉండి కాదు. ఏదో ఒకటి చేయకుండా ఉండలేక.

మాట లేకపోయినా పిల్ల వల్లె వేయడం మానలేదు. గోడకు ఆనుకుని పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చప్పుడు లేకుండా పెదవులు ఆడించేది. అన్నం రెండు ముద్దలు తిని కంచం జరిపేసేది. తలగడ నిండా వెంట్రుకలు. ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి ఉంది. నీళ్ల కోసం వంటగదిలోకి వెళ్లాను. పిల్ల గట్టు దగ్గర నిలబడి పిడికిలితో గొంతు మీద కొట్టుకుంటోంది. ఒకటి, రెండు, మూడు. ఆగిపోయిన మిషనును నేను చరిచినట్టే. రెండు చేతులూ పట్టుకుని నేల మీద కూలబడ్డాను. తను చేతులు విడిపించుకుని ఫోనులో బర్మాభాషలో టైపు చేసి చూపించింది: "నేను పాడైపోయాను."

మూడో డాక్టరు చిన్న వయసు ఆడమనిషి. మందుల చీటీ వెనక ఒక చిరునామా రాసి ఇచ్చింది. ఒక క్లినిక్ పైగదిలో కూర్చుని పిల్లలతో మాట్లాడే కౌన్సెలర్ ఉందట. ఇంటికొచ్చి మా ఆయనకు చూపించాను. ఆయన సిటీ బస్సు డ్రైవరు.

"పిచ్చాసుపత్రికేటి? ఎవులికైనా తెలిస్తే రేపు గుంట బతుకేటౌతాది?"

"ఇప్పుడు దాని బతుకు బాగుందేటి? నువ్వు సూడలేదు, నాను సూసాను," అన్నాను.

ఆయన లుంగీ బిగించుకుని బయటికి వెళ్లిపోయాడు. మరుసటి సెలవునాడు నేనే తీసుకెళ్లాను.

ఆ కౌన్సెలర్‌కు యాభై దాటి ఉంటాయి. ఒకప్పుడు బడిపంతులమ్మ. ఇక్కడ టీచరునైనా డాక్టరమ్మనైనా సయామ అనే పిలుస్తాం, మేమూ ఆమెను అలాగే పిలిచాం. నన్ను బయట బల్ల మీద కూర్చోమంది. మధ్యలో చెక్క తడిక ఒక్కటే. లోపల మాటలు వద్దన్నా వినిపించేవి.

సయామ పరీక్ష గురించి ఒక్క మాటా అడగలేదు. దగ్గమంది. పిల్ల దగ్గింది.

"విన్నావా? చప్పుడు వచ్చింది. నీ గొంతు పాడవలేదు. అది నీ మాట వినడం లేదు, అంతే. ఇప్పుడు నోరు మూసి మ్ అను."

చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత సన్నగా, తెగిపోతూ, మ్ అన్న ధ్వని. వెంటనే ఏడుపు. ఏడుపుకీ గొంతు ఉంది. పంతొమ్మిది రోజుల తర్వాత నా బిడ్డ గొంతు విన్నాను, అదీ ఏడుపుగా. బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయాను.

మూడోసారి వెళ్లినప్పుడు సయామ నన్నూ లోపలికి పిలిచింది. పిల్ల ముందు తను రాసిన కాగితం ఉంది. పిల్ల ఒప్పుకోలుతోనే చదువుతున్నానని చెప్పి సయామ చదివింది. "అమ్మ రోజూ పొద్దున ఫెర్రీ ఎక్కే ముందు ఒకటే మాట అంటుంది. తప్పితే నా పక్క మిషను ఖాళీగా ఉంది, వచ్చి కూర్చో అంటుంది. వల్లె వేసేటప్పుడు నాకు ఆ మిషను చప్పుడే వినిపిస్తుంది."

ఫెర్రీ అంటే మా ఫ్యాక్టరీ బస్సు. అవును, అన్నాను. నిజంగానే రోజూ అన్నాను. మా అమ్మ నన్ను బెదిరించినట్టే నేనూ బెదిరించాను. నాకు అది తప్పని తోచలేదు, కోపం వచ్చింది. పది గంటలు ఆ మిషను ముందు నడుం విరిగేలా కూర్చునేది ఎవరి కోసం, నా బాధ కూడా రాసిందా ఆ కాగితంలో, అని గొంతు పెంచి అడిగాను. సయామ నన్ను ఆపలేదు. మాటలు అయిపోయాక నేనే ఆగాను.

"సరే. పిల్ల తప్పిందనుకోండి. మర్నాడు పొద్దున మీరేం చేస్తారు? పిల్లకేమవుతుందో అడగడం లేదు. మీరేం చేస్తారు?"

ఆ పొద్దుని నేనెప్పుడూ ఊహించలేదు. ఫెయిలైన రోజుతో లోకం ఆగిపోతుందన్నట్టే ఉన్నాను. పిల్ల నా నోటి వంకే చూస్తోంది.

"అన్నం వండుతాను," అన్నాను చివరికి.

పిల్ల తల దించుకుంది. అంతకుమించి ఏమీ జరగలేదు.

మార్చి వచ్చేసరికి గుసగుసలాంటి గొంతు వచ్చింది. చన్నీళ్లు మొహాన చల్లుకోవడం, లెక్కపెట్టి ఊపిరి వదలడం, భయం పుడితే నేల మీద పాదాలు ఆనించి చుట్టూ కనిపించేవాటి పేర్లు చెప్పుకోవడం, ఇవన్నీ నేర్పింది సయామ. ఈ ఏడు రాయకపోయినా పర్లేదని కూడా అంది. పిల్ల రాస్తానంది. నేనూ లోలోపల అదే కోరుకున్నాను.

పరీక్షల మొదటి రెండు రోజులు గడిచాయి. మూడో రోజు లెక్కలు. బడి గేటు ముందు తల్లిదండ్రుల తోపులాట. పిల్ల ఆగిపోయింది. తెల్ల చొక్కా చెమటకు వీపుకి అంటుకుపోయింది. నావైపు తిరిగి నోరు తెరిచింది. మళ్లీ గాలే. గంట కొట్టారు. నా చెయ్యి దాని వీపు మీద ఉంది. ఇది రాయడం కష్టంగా ఉంది కానీ రాయాలి. వెనక్కి లాగాల్సిన ఆ చేత్తో ముందుకు తోశాను.

"ఎల్లమ్మా. ఈ ఒక్క రోజు," అన్నాను.

వెళ్లింది. ముప్పావుగంట కాకుండానే ఇద్దరు టీచర్లు రెక్కలు పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. జవాబుల కాగితం మీదే వాంతి చేసుకుని పడిపోయిందట. టాక్సీలో నా ఒళ్లో తల పెట్టుకుని కళ్లు మూసుకుంది. క్షమించమని అడగడానికి నాకూ గొంతు రాలేదు.

మర్నాడు పొద్దున పిల్లను లేపలేదు. మా ఆయన చొక్కా తొడుక్కుంటూ చూశాడు.

"ఎల్లదేటి?"

"ఎల్లదు. నాను పంపను."

అరుస్తాడనుకున్నాను. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, పిల్ల పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆయన పదో తరగతి మూడుసార్లు తప్పాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ మాట ఎవరమూ ఎత్తం. ఆ రోజు ఆయనే ఎత్తాడు.

"మూడోసారి తప్పినపుడు నాను ఇంటికి ఎల్లలేదు. ఊరు సుట్టూ తిరిగే రైలెక్కి మూడు రోజులు అందులోనే తిరిగాను. ఎవులైనా ఎతుకుతారని సూసాను. ఎవులూ రాలేదు. ఆకలేసి నానే ఇంటికొచ్చేసినాను. మా అయ్య నా మొకమైనా సూడలేదు."

పిల్ల కళ్లు తెరిచింది.

"నువ్వు అలగ ఎక్కడికీ ఎల్లకు. నిన్ను ఎతుక్కోవాలంటే నావల్ల కాదు, తల్లీ."

ఇన్నేళ్ల కాపురంలో ఆ రైలు సంగతి నేనూ వినడం అదే మొదలు. పిల్ల చెయ్యి చాచి ఆయన వేలు పట్టుకుంది. నేను పొయ్యి దగ్గరికి వెళ్లాను, బియ్యం ఎన్ని పోశానో కూడా గుర్తులేదు.

ఫలితాల్లో పిల్ల నంబరు ఉండదని ముందే తెలుసు. అయినా ఆ రోజు వీధిలో స్వీట్లు పంచుతుంటే తలుపు వేసుకున్నాం. ఇప్పుడు సయామ దగ్గరికి నెలకు రెండుసార్లు వెళ్తోంది. గొంతు వచ్చింది, మునుపటంత గట్టిగా కాదు. కొన్ని రోజులు పొద్దుటే అసలు రాదు. అలాంటి రోజు ఏమీ అడగకుండా పక్కన కూర్చోమని సయామ నాకు చెప్పింది. కూర్చుంటాను. పాత బెదిరింపు నాలుక చివరిదాకా వచ్చిన రోజులూ ఉన్నాయి. పళ్లు బిగబట్టి ఫెర్రీ ఎక్కేస్తాను.

పోయిన నెల క్లినిక్ బల్ల మీద నా పక్కన ఒకావిడ కూర్చుంది. మాలాగే ఇక్కడ స్థిరపడ్డ గంజాం వైపు తెలుగువాళ్ల ఇంటి కోడలు. కొడుకు పుస్తకం తెరిస్తే చాలు చేతులు కొంకర్లు పోతున్నాయట.

"మీ పాపకి నయమైపోనాదా అక్కా?" అని అడిగింది.

అయిపోయిందని చెప్పాలనిపించింది. ఆవిడ కళ్లు చూస్తే అబద్ధమైనా చెప్పాలనిపించింది.

"ఇంకా నేదమ్మా. వొస్తన్నాం, ఎల్తన్నాం," అన్నాను.

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపల ఆవిడ కొడుకుతో సయామ మెల్లగా ఏదో మాట్లాడుతోంది. మేమిద్దరం తడిక వైపు చూస్తూ కూర్చున్నాం.